చీర కింద ఆరేసిన పట్టు షిమ్మీ

పదీ అయిదైంది. పదకొండుకి వస్తానంది మేడమ్ యోంగ్, వస్తానంటే వచ్చే మనిషే, వుడ్‌ల్యాండ్స్ నుంచి ఇక్కడికి, యూ టీకి, రైల్లో ఎంతసేపు గనక, అంటే ఇంకా యాభై అయిదు నిమిషాలు, ఈ యాభై అయిదు నిమిషాల్లో కొయ్యాలో వద్దో తేల్చుకోవాలి కోటేశ్వరి. బల్ల మీద తెల్ల దుప్పటి, దుప్పటి మీద తిరగేసి పరిచిన పట్టు షిమ్మీ, దాని ఎడమ నడుము దగ్గర అరచేతంత ఎర్ర మరక, మరకకి అవతలి వైపు కుట్టిన లేసు పువ్వు. కుట్టడం నిన్న మధ్యాహ్నానికే అయిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే, మూతి వంగిన ఈ చిన్న కత్తెరతో లేసు వెనకున్న పట్టుని కుట్టు వెంబడే వెంట్రుకవాసి దూరంలో కోసి తీసెయ్యడం. తీసేస్తే మరక పోతుంది. పోవడమంటే ఉతికితే పోయినట్టు కాదు, అసలు అది అంటిన గుడ్డే లేకుండా పోతుంది, ఆ చోట లేసొక్కటే ఉంటుంది, ఎనభై ఏళ్ల కిందట కుట్టినావిడే అట్లా కుట్టిందనుకుంటారు చూసినవాళ్లు. కొయ్యకపోతే మేడమ్ వస్తుంది, మరక చూస్తుంది, అంతే సంగతులు. కొయ్యనంతసేపూ లేసు విప్పెయ్యొచ్చు. కోశాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఆ పట్టుని మళ్లీ నెయ్యలేడు. కోటేశ్వరి కత్తెర కింద పెట్టి చేతులు చీరకొంగుకి తుడుచుకుంది. చెమట పడుతున్నాయి. పట్టుకి చెమట తగిలితే అదింకో మరక, చాల్లే, ఉన్నది చాలదూ.

మేడమ్ దాన్ని స్లిప్ అంటుంది. కీర్తిక, కోటేశ్వరి కూతురు, పదహారేళ్లది, చూడగానే "వింటేజ్ లాంజరీ కదా, సో ప్రెట్టీ లా" అంది, ఇక్కడివాళ్లందరిలాగే మాట చివర లా తగిలించి. కోటేశ్వరికి మాత్రం అది షిమ్మీయే. తెనాలిలో చిన్నప్పుడు గౌను కింద వేసుకున్నది గుర్తొచ్చి అట్లా అనుకుంది గానీ, దానికీ దీనికీ పోలికేమిటి, నక్కకీ నాకలోకానికీ ఉన్నంత. అది అమ్మ పాత లంగా చింపి కుట్టినది, చంకల్లో ఒరుసుకుని చర్మం కందిపోయేది. ఇది చేతిలోకి తీసుకుంటే తీసుకున్నట్టే ఉండదు. మీగడ రంగు పట్టు, రొమ్ము మీద లేసు, కింద అంచుకి లేసు, భుజాలకి చీపురుపుల్లంత సన్నటి పట్టీలు. ఆ పట్టీలు గుడ్డని గొట్టంలా కుట్టి, సూదితో లోపలిది బయటికి తిప్పినవి. బ్లౌజు వెనక కట్టుకునే డోరీలు కోటేశ్వరి కూడా అట్లాగే తిప్పుతుంది, చోవా చూ కాంగ్‌లో, వుడ్‌ల్యాండ్స్‌లో ఉన్న తెలుగు ఆంటీలందరి వీపుల మీదా ఊగే డోరీలు ఆమె తిప్పినవే, కానీ ఇంత సన్నంగా తిప్పమంటే తన వల్ల కాదని ఆ రోజే ఒప్పేసుకుంది. పైనుంచి కిందిదాకా మడిచి కుట్టిన డాటు ఒక్కటి లేదు. డాటు లేకుండా ఆడమనిషి ఒంటికి గుడ్డ ఎట్లా అమరుతుందీ అంటే, ఐమూలగా కోస్తే అమరుతుంది. క్రాస్ కట్ బ్లౌజు కుట్టేవాళ్లకి ఒకరు చెప్పాలా, నేతకి ఐమూలగా కోసిన గుడ్డ సాగుతుంది, ఒంటి మాట వింటుంది, నిలువుగా కోసింది మొండికేస్తుంది. అయితే బ్లౌజులో రెండు ముక్కలు క్రాసు కొయ్యడానికే గుడ్డ చాలదని గింజుకునే మనిషికి, రొమ్ము నుంచి మోకాళ్ల దాకా అంతా క్రాసే కోసిన బట్ట కనబడితే ఎట్లా ఉంటుంది? అమ్మో అనుకుంది. ఎంత గుడ్డ తినేసిందో అనుకుంది. తీరా చూస్తే అది ఒక్క గుడ్డ కాదు, తొమ్మిది ముక్కలు.

తొమ్మిది ముక్కల కథ మేడమే చెప్పింది, మొదటిసారి వచ్చినప్పుడు, ఈ కుర్చీలోనే కూర్చుని. మేడమ్ వాళ్లమ్మ యుద్ధానికి ముందు ఒక దర్జీ కొట్లో దొరసానుల లోబట్టలు కుట్టేదట. దొరసానుల కొలతలకి కోయగా మిగిలిన పీలికలు కొట్టు యజమాని తీసుకుపొమ్మంటే, వాటిని నాలుగేళ్లు దాచి, తన పెళ్లికి తనే కుట్టుకుందట. వచ్చే శుక్రవారం నుంచి చైనాటౌన్‌లో ఒక పాత ఇంట్లో, పేరూ ఊరూ లేకుండా పోయిన కుట్టుపనివాళ్ల బట్టలు కొన్ని నలుగురికీ చూపిస్తున్నారు, అందులో ఇదొకటి పెడతారు, పక్కన కార్డు మీద వాళ్లమ్మ పేరు రాస్తారు. అరవై ఏళ్లు కుట్టిన మనిషి పేరు ఎక్కడైనా అచ్చులో కనబడటం ఇదే మొదలంట. కార్డు మేడమ్ ఆ రోజే తెచ్చి చూపించింది. అందులో ఒక వాక్యం మేడమ్ వేలు పెట్టి మరీ చదివింది, "ఇందులో ప్రతి కుట్టూ మా అమ్మ చేతిదే." అందుకే చెప్పింది, సూది ముట్టుకోవద్దు, ఉతుకు, అంతే. పసుపు తిరిగిపోయింది, లాండ్రీ వాళ్లకివ్వాలంటే భయం, మేడమ్ వేళ్లు కీళ్లవాతంతో వంకరపోయాయి, కల్పన చెప్పింది నువ్వు పట్టుచీరలు చేత్తో ఉతుకుతావని. కింద బ్లాకులో ఉండే కల్పన బ్యాంకులో మేడమ్ కూతురి పక్క సీటు, అట్లా వచ్చింది సంబంధం. షిమ్మీతో పాటు ఒక బిస్కెట్ డబ్బా కూడా ఇచ్చింది, అందులో వాళ్లమ్మ మిగిల్చుకున్న లేసు ముక్కలు, అవీ ఉతకమంది, గాజుపెట్టెలో పక్కన పెడతారట. ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే, అందుకే ఒకళ్ల మాట ఒకళ్లకి బాగా అర్థమవుతుంది. వెళ్లేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అంది మేడమ్, ఇంట్లో ఇంకా పదకొండు ఉన్నాయి, అమ్మవే, ఇది బాగా వస్తే అవీ తెస్తా, ఎట్లా కుట్టారో నీకు విప్పి చెప్తా, నేర్చుకునేవాళ్లు ఎవరూ లేరు. పదకొండు! ఆ రాత్రి అన్నం సహించలేదు కోటేశ్వరికి. పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో ఈ ఊళ్లో ఆమెని ఎవరూ నేర్చుకో అనలేదు. త్వరగా కుట్టు అన్నారు, లూజు చెయ్యి అన్నారు, చేతులు ఇంకో అంగుళం పొడుగు పెట్టు అన్నారు.

కింద గడ్డి కోసే మిషను మొదలైంది, ఎక్కడో కోకిల ఒకటే అరుస్తోంది, ఇక్కడి కోకిలలకి రుతువూ లేదు పాడూ లేదు, ఏడాది పొడుగునా అరుస్తాయి. మేడమ్ వచ్చే దారే, క్రాంజీ వైపు నుంచి రైలు వచ్చి ఆగింది. ఏడో అంతస్తు కిటికీలోంచి స్టేషను పైకప్పు కనబడుతుంది. ఇందులో రాదు, ఇంకా పదింపావే. కోటేశ్వరి షిమ్మీని మళ్లీ తిప్పింది, మంచి వైపు పైకి. పువ్వు ఎంత బాగా కూర్చుందో, తన దిష్టే తగిలేట్టుంది. మళ్లీ లోపలికి తిప్పింది. రాజకుమారి టీచరుకి కూడా ఇదే అలవాటు, తెనాలిలో తను కుట్టు నేర్చుకున్న బడిలో ఎవరు ఏం కుట్టి తెచ్చినా ముందు లోపలికి తిప్పేది, "పైకి అందరూ పతివ్రతలేనమ్మా, లోపల చూద్దాం పట్టు" అనేది. లోపల పీచులు వేలాడితే మొహాన కొట్టేది. మొదటిరోజు కోటేశ్వరి ఈ షిమ్మీని అట్లాగే తిప్పబోయి, తిప్పాక, ఏది లోపలో ఏది పైనో ఒక్క క్షణం తెలియక తెల్లబోయింది. పీచు లేదు, ముడి లేదు. ముక్కలు కలిపిన ప్రతిచోటా గుడ్డని ముందొకసారి కుట్టి, అంచులు సన్నగా కత్తిరించి, మళ్లీ మడిచి రెండోసారి కుట్టింది మహాతల్లి, తెగిన అంచు ఆ రెండు కుట్ల మధ్య సమాధి అయిపోయింది. అదీ చేత్తో, అంగుళానికి ఇరవై కుట్లు. ఐమూల కుట్టు బిగిస్తే ఒంటి మీద సాగేటప్పుడు దారం తెగుతుంది, అందుకని దారాన్ని కూడా కాస్త వదులుగా వదిలింది, వేలితో లాగి చూస్తే కుట్టు గుడ్డతో పాటు సాగి మళ్లీ దగ్గరకొచ్చింది. ఎవరు చూస్తారని? పెళ్లికూతురు గౌను కింద వేసుకునేది, మొగుడు దీపం ఆర్పాక విప్పేది, ఆ కుట్టు ఎవడు చూడొచ్చాడు? ఎవరూ చూడనిదానికి ఇంత పని చేసిందే ఆవిడ, మరి మనం ఎవరైనా చూస్తారనే ఒక్క భయంతో, ఛ.

ఆ ఛ దగ్గరికి రాకుండా పొద్దున్నించీ తప్పించుకు తిరుగుతోంది కోటేశ్వరి బుర్ర. సరే, వచ్చేసింది. ఉతకడంలో ఏ లోటూ చెయ్యలేదు. కుంకుడురసం పలచగా తీసి, వడకట్టి, ప్లాస్టిక్ టబ్బులో చన్నీళ్లు పోసి, షిమ్మీని పసిపిల్లని స్నానానికి దించినట్టు దించింది, రుద్దలేదు, పిండలేదు, నాలుగుసార్లు నీళ్లు మార్చింది, పసుపంతా దిగిపోయి మీగడ రంగు తేలింది. ఐమూలగా కోసినదాన్ని తడిమీద తాడుకి వేలాడదీస్తే జానెడు సాగిపోతుందని తెలుసు, అందుకే వంటింటి వెనక స్టాండు మీద తెల్ల తువ్వాలు పరిచి, దాని మీద చదునుగా ఆరేసింది. అక్కడితో ఆగి లోపలికి వచ్చేసి ఉంటే ఈ పాటికి వంట చేసుకుంటూ ఉండేది. వచ్చేటప్పుడు ఒకసారి వెనక్కి చూసింది. ఎదురు బ్లాకు కిటికీలు. ఆ కిటికీల ముందు పట్టు షిమ్మీ, లేసు రొమ్ములతో సహా, వెల్లకిలా. అంతే, చెయ్యి దానంతటది పోయింది, పక్క గడ మీదున్న తన మంగళగిరి చీర తీసి మడతేసి పైన కప్పింది. కొత్త చీర, కుంకుమరంగు అంచు, మొదటి ఉతుకు. ఉప్పునీళ్లలో నానేసిందిగా, రంగు దిగదులే అనుకుందా? అదీ అనుకోలేదు. ఏమీ అనుకోలేదు. లోబట్ట కనబడింది, కప్పింది. రెండు గంటలయ్యాక వచ్చి తీస్తే, ఎడమ నడుము మీద ఎర్రగా, ఎవర్నో పొడిచినట్టు.

అమ్మ నేర్పిన చెయ్యి అది. "ఏమే కోటీ, మొగాళ్లు తిరిగే వసారాలో ఆ బాడీలేందే బజార్న పెట్టావు, తువ్వాలు కప్పు." పన్నెండో ఏట విన్నది, నలభై ఆరో ఏట కూడా చెవిలోనే ఉంది. బాడీలు, లంగాలు, నెలసరి గుడ్డలు, అన్నీ ఏదో ఒకదాని చాటున ఆరాలి. చాటున ఏం ఆరుతాయి నా మొహం, వర్షాకాలం వస్తే ముక్కవాసన, కాలేజీకి టైమైపోతుంటే ఆ తడిబాడీయే తొడుక్కుని పైన ఇస్త్రీ చేసిన ఓణీ, సాయంత్రానికి రొమ్ముల కింద దద్దుర్లు. అమ్మకి చెప్తే పౌడరు రాయమంది. ఎండ ఎవడబ్బ సొమ్మని? నాన్న పంచెలు దండెం పొడుగునా రెపరెపలాడేవి, నాన్న డ్రాయర్లు కూడా రెపరెపలాడేవి, వాటికి ఏ తువ్వాలూ లేదు. ఆ వయసులో రాని కోపం ఇప్పుడు, యూ టీలో, బల్ల ముందు కూర్చుంటే వస్తోంది, అమ్మ మీద కాదు, మరెవరి మీదో తెలియదు, వస్తోంది. ఈ దేశం వచ్చిన కొత్తల్లో జురాంగ్ వెస్ట్‌లో ఒక గది అద్దెకుండేవాళ్లు ఆమే, మొగుడు అప్పయ్యా. పక్కింటి చైనా ఆవిడ గడకి బ్రాలు వరసగా గుచ్చి కిటికీలోంచి బయటికి చాచేది, తోరణాల్లాగా. అప్పయ్య మొహం తిప్పుకుని నడిచేవాడు, షిప్‌యార్డులో వంద టన్నుల ఇనుము కింద నిలబడి పనిచేసే మనిషి, గడ మీద బ్రాకి బెదిరేవాడు. కోటేశ్వరి నవ్వింది ఆ రోజు. నవ్వి, తన గదిలోకొచ్చి, తనవి తువ్వాలు కింద ఆరేసింది.

పదిన్నర. ఆ రోజు మరక పోగొట్టాలని చెయ్యనిది లేదు, చన్నీళ్లు, వెనిగరు, మళ్లీ కుంకుళ్లు, పచ్చిగా ఉన్న ఎరుపు కొంచెం నీరసించింది గానీ చోటు వదల్లేదు. అప్పుడు కనబడింది బిస్కెట్ డబ్బా. మేడమ్ వాళ్లమ్మ లేసే, అదే పువ్వే, అదే రంగు, మరక కంటే ఒక వేలెడు పెద్దది, ఇంతకంటే కలిసొచ్చే కాలం ఏముంటుంది. దొంగకి తాళంచెవి దొరికినట్టయింది. మూడు మధ్యాహ్నాలు కుట్టింది. రేకు రేకు చుట్టూ పట్టుదారంతో, కాజా కుట్టినట్టు దగ్గరదగ్గరగా, గుడ్డ ముడుచుకోకుండా. అయితే మొదటిరోజు నాలుగు కుట్లు వేసి చూసుకుంటే ఏదో తేడా కొట్టింది. రొమ్ము మీది పాత లేసు పక్కన పెట్టి, కళ్లజోడు పైన భూతద్దం కూడా పెట్టి చూస్తే అప్పుడు తెలిసింది, పాత కుట్లన్నీ ఒక వైపుకి వాలి ఉన్నాయి, తనవి రెండో వైపుకి. మేడమ్ చెప్పింది కదా, అమ్మది పుర్రచెయ్యి, అన్నం కుడిచేత్తో తినేట్టు కొట్టి నేర్పారు గానీ సూది దగ్గర ఎవరి మాటా వినలేదు అని. కోటేశ్వరి ఆ నాలుగు కుట్లూ విప్పేసింది. విప్పి, ఎడమ నుంచి కుడికి, తన అలవాటుకి ఎదురు, సూదిని వెనక్కి నడిపించింది. మెడలు పట్టేశాయి. కుట్లు వాలాయి. పుర్రచేతి కుట్లలాగే వాలాయి. తన జన్మలో ఇంత బాగా ఎన్నడూ కుట్టలేదు, రాజకుమారి టీచరు బతికుంటే తిప్పి చూసి మాట్లాడకుండా చేతిలో పెట్టి ఉండేది. ఆ సంగతి తలుచుకుని నిన్న సాయంత్రం ఒక్కతే కూర్చుని మురిసింది కూడా, సిగ్గు లేకపోతే సరి.

పొద్దున కీర్తిక స్కూలుకి పోతూ బూట్లు వేసుకుంటూ బల్ల వైపు చూసింది. దానికి అంతా తెలుసు, ఇంట్లో ఏదీ దాగదు దాని దగ్గర. "మా, జస్ట్ టెల్ హర్ లా," అంది. "లేకపోతే చెప్పకు. కానీ అట్లా కూర్చోకు, యూ లుక్ లైక్ సమ్‌బడీ డైడ్."

"నీకేం తెలుసే, పోవే," అంది కోటేశ్వరి.

చెప్పడం అంత తేలికైతే ఈ లోకంలో కత్తెరలెందుకు. చెప్తే ఏమవుతుందో కళ్లకి కట్టినట్టు కనబడుతోంది, మేడమ్ అరవదు, ఆ మనిషి అరిచే రకం కాదు, షిమ్మీని టిష్యూ కాగితంలో మడతపెట్టుకుని, ఓకే అని, చెప్పులేసుకుని వెళ్లిపోతుంది. పదకొండూ ఆమెతో పాటే పోతాయి. ఆ పదకొండులో ఏముందో, పూర్తి లేసుతో కుట్టిన బాడీ ఒకటుందట, లోపల గట్టి పుల్లలు పెట్టకుండానే నిలబడుతుందట, ఎట్లా నిలబడుతుంది, కుట్టు దేని మీద ఆనుతుంది, చచ్చేలోపు ఒక్కసారి దాన్ని తిప్పి చూడాలి. చూడాలంటే కొయ్యాలి. కోస్తే పదినిమిషాల పని. మేడమ్ వస్తుంది, చూస్తుంది, ఇక్కడ పువ్వుందా, నాకు గుర్తులేదే అనుకుంటుందేమో, ఎనభై దాటిన మనిషి, కళ్లు మసక, అనుకున్నా, ఉందేమోలే అనుకుంటుంది, కుట్లు వాళ్లమ్మవిలాగే వాలి ఉన్నాయాయె. తర్వాత కోటేశ్వరి ఆమె పక్కన కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూస్తుంది, మేడమ్ తన వంకర వేలితో చూపిస్తుంది, ఇదుగో ఇట్లా వాలుతుంది మా అమ్మ కుట్టు, అని. ఆ మాటకి కోటేశ్వరి ఊ కొడుతుంది. పన్నెండుసార్లూ ఊ కొడుతుంది.

ఎనిమిదో తరగతిలో లెక్కల్లో తప్పి, నాన్న సంతకం తనే పెట్టింది ప్రోగ్రెస్ కార్డు మీద. నాన్న కొక్కేలూ, నాన్న తోకా, అచ్చం దింపేసింది. పట్టుకోలేదు ఎవరూ. నాన్న పోయి పదిహేనేళ్లయింది, ఇప్పటికీ ఎవరైనా ఆయన దస్తూరీ ముత్యాలంటే ఆమె మాట మార్చేస్తుంది. ఇదీ అదే కదూ. కుట్టు వాలడం అంటే ఏమిటి, ఆవిడ సంతకం, చచ్చిపోయినావిడ సంతకం, పేరు రాయడానికి ఎవరూ చోటివ్వకపోతే దారంతో పెట్టుకుంది, దాన్ని కోటేశ్వరి దింపింది. చిరిగినచోట మాటు వెయ్యడం వేరు, మాటుకి సిగ్గేమీ లేదు, మాటు మాటులాగే కనబడుతుంది. ఇది మాటు కాదు. రేపు కార్డు మీద "ప్రతి కుట్టూ మా అమ్మ చేతిదే" అని ఉంటుంది, జనం వంగి చదువుతారు, మేడమ్ పక్కన నిలబడి ఉంటుంది, ఆ ముసలిది తెలియకుండానే అబద్ధమాడుతుంది, ఆడించేది కోటేశ్వరి. లేచి మంచినీళ్లు తాగింది. నీళ్లు తాగుతూనే ఏడ్చింది కాసేపు, పెద్దగా ఏం కాదు, కుళాయి తిప్పి మొహం కడుక్కుంటే సరిపోయింది.

పది నలభై ఏడు. కత్తెర తీసి సొరుగులో పెట్టి, బ్లేడుముక్క తీసుకుంది. మేడమ్‌కి చెప్పడమే అయితే లేసు మీద ఉంటే ఏమి, విప్పితే ఏమి అని ఒక మనసంది, విప్పి చెప్పు, కప్పుకుని చెప్పకు అని ఇంకో మనసంది. మొదటి రేకు మొదటి కుట్టు కింద బ్లేడు పెట్టింది. తెగింది. ఎంత ముద్దుగా వేసిన కుట్టో. తను ఎడమ నుంచి కుడికి ఊపిరి బిగబట్టి వేసిన కుట్టు, బ్లేడు తగలగానే టప్పున తల వాల్చింది. ఒక రేకు. పట్టులో సూదిరంధ్రాలు సన్నగా మిగిలాయి, ఆవిరి పడితే పూడుకుంటాయి. రెండో రేకు. తొందరలో చెయ్యి జారితే ఈసారి నిజంగానే కోసినట్టవుతుంది, నిదానం, నిదానం తల్లీ. బాధగానే ఉంది, కానీ అది వేరే బాధ, పన్ను పీకించుకున్నాక ఉండే బాధ. మూడో రేకు సగంలో ఉండగా క్రాంజీ వైపు నుంచి రైలొచ్చి ఆగింది, ఇదే అనుకుంది, లేవలేదు. లిఫ్టు చప్పుడు. వరండాలో నిదానంగా అడుగులు. బెల్లు మోగింది.

మేడమ్ యోంగ్ చెప్పులు గుమ్మం బయట విడిచి, "చాలా ఎండ లా" అంటూ లోపలికి వచ్చింది. పొట్టి మనిషి, నీలం పువ్వుల చొక్కా, చేతిలో గుడ్డసంచీ. కోటేశ్వరి కూర్చోమని కూడా అనలేదు.

"మేడమ్, నేను పాడు చేశాను," అంది. "ఉతకడం బాగానే ఉతికా. ఆరేసి పైన నా చీర కప్పా. రంగంటింది. అది కనబడకుండా మీ అమ్మగారి లేసు పెట్టి కుట్టా. వెనక పట్టు కోసేదాన్నే. కొయ్యలేదు. విప్పుతున్నా."

మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చుంది, సంచీలోంచి కళ్లజోడు తీసి పెట్టుకుంది, షిమ్మీ మీదికి వంగింది. ఎర్ర మరక మీద వేలు పెట్టింది. సగం ఊడి లేచిన రేకుల్ని పక్కకి తీసి చూసింది, ఊడని రేకుల్ని వెనక్కి తిప్పి చూసింది, అక్కడ చాలాసేపు ఆగింది. కింద గడ్డి మిషను ఎప్పుడు ఆగిందో గానీ ఆగిపోయింది. కోటేశ్వరి రెండు చేతులూ కట్టుకుని నిలబడింది.

"నీదీ ఎడమ చెయ్యా?" అంది మేడమ్.

"కాదు మేడమ్. వెనక్కి కుట్టా. మీ అమ్మగారి కుట్టులా ఉండాలని."

"ఎందుకు?"

"మీరు గుర్తుపట్టకూడదని."

మేడమ్ కళ్లజోడు పైనుంచి చూసింది. "నేను గుర్తుపట్టేదాన్ని కాదు," అంది. తిట్టినా అంత తగిలేది కాదు కోటేశ్వరికి.

మళ్లీ మేడమే అడిగింది, "చీర ఎందుకు కప్పావు?"

"ఎవరైనా చూస్తారని."

"ఏం చూస్తారు?"

ఏం చూస్తారు? ఎదురు బ్లాకులో ఆ వేళప్పుడు ఎవరుంటారు, కూరలు తరుక్కునే ముసలమ్మలు. "లోబట్ట కదా మేడమ్," అంది చివరికి. "మా ఇంట్లో అట్లాగే ఆరేస్తాం. చాటున."

మేడమ్ మెడ తిప్పి, వంటింట్లోంచి వెనక ఉన్న స్టాండు కేసి చూసింది. "మా అమ్మ కూడా తువ్వాలు కిందే ఆరేసేది," అంది. "నన్ను కూడా అట్లాగే ఆరెయ్యమనేది, పెళ్లయినా, పిల్లలు పుట్టినా. ఆవిడ తువ్వాలు తెల్లది లా."

నవ్విందో లేదో తెలియలేదు. నవ్వినా దానితో తప్పు మాఫీ అయిపోయినట్టేం లేదు, మొహం మళ్లీ మామూలుగా అయింది. మిగతాది విప్పు, నేను కూర్చుంటా, అంది. కోటేశ్వరి ఎదురుగా కూర్చుని బ్లేడు తీసుకుంది. ఇంట్లో ఉన్న ఆ పదకొండు బట్టల మాట మేడమ్ ఎత్తలేదు. ఎత్తుతుందేమోనని నాలుగో రేకు అంతా చూసింది కోటేశ్వరి, ఎత్తలేదు, అడగడానికి తనకి మొహం లేదు.

మేడమ్ సంచీలోంచి కార్డు తీసింది, పెన్ను తీసింది. "మరక ఇక పోదు. అట్లాగే పెడతా," అంది. "కానీ చూసినవాళ్లు మా అమ్మే పాడు చేసిందనుకుంటారు. అది కెనాట్." ప్రతి కుట్టూ మా అమ్మ చేతిదే అన్న లైను కింద వంకర వేళ్లతో నిదానంగా రాసుకుంటూ, రాసింది పైకి చదివింది, "ఎరుపు రంగు మాత్రం ఆమెది కాదు. యూ టీలో ఉండే..." అని ఆగి తలెత్తింది. "నేను పిలిచినట్టే కోటే అని రాస్తే చాలు కదా?"

చాలు. కోటే అంటే ఎవరికి తెలుస్తుంది. కల్పన వస్తుంది చూడటానికి, కల్పనతో ఇంకో నలుగురు ఆంటీలు వస్తారు, అందరి బ్లౌజులూ ఈ బల్ల మీద కుట్టినవే, గాజుపెట్టె ముందు వంగి చదువుతారు, కోటే అని ఉంటే ఎవరో మలయ్ ఆవిడో చైనా ఆవిడో అనుకుని ముందుకి పోతారు. కోటేశ్వరి బ్లేడు అయిదో రేకు దగ్గర ఆపింది. కార్డు మీద పెన్ను ఆపుకుని మేడమ్ చూస్తూనే ఉంది.

"చాలదు మేడమ్," అంది. "ఫుల్ నేమ్ రాయండి. కోటేశ్వరి."

చెప్పు, అంది మేడమ్, కార్డు దగ్గరికి లాక్కుంటూ. అయిదో రేకు కుట్లు ఒక్కొక్కటే తెంపుతూ, తలెత్తకుండా, ఇంగ్లీషులో ఒక్కో అక్షరమే చెప్పింది కోటేశ్వరి, మేడమ్ ఆ అక్షరం రాసేదాకా ఆగి ఆ తర్వాతది.